కేసులు ఎత్తేస్తే శాంతి వచ్చినట్టేనా? కోనసీమ ఇంకా అడగని ప్రశ్న

2022 మే 24. అమలాపురంలో కలెక్టరేట్ ముట్టడికని బయలుదేరిన జనం సాయంత్రానికి ఊరి మీద పడ్డారు. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి నిప్పు పెట్టారు. ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ కుమార్ ఇంటికీ నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి. రాళ్ల దాడిలో పోలీసులు గాయపడ్డారు. 144 సెక్షన్ వచ్చింది, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇదంతా ఒక పేరు గురించి. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడతామని ప్రభుత్వం మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలుంటే చెప్పుకోండని 30 రోజుల గడువు కూడా ఇచ్చింది. ఆరు రోజులు తిరక్కుండానే అభ్యంతరం మంటలై వచ్చింది.

పేరు నిలబడింది. అదే ఏడాది జూన్‌లో కేబినెట్ ఆమోదించింది. ఇవాళ రావులపాలెం నుంచి రాజోలు దాకా ప్రభుత్వ ఆఫీసుల బోర్డుల మీద ఆ పేరే ఉంది. మనం గెలిచామనే అనుకున్నాం. అయితే 2023 మార్చిలో ముఖ్యమంత్రి కోనసీమ కుల పెద్దలను, ప్రజాప్రతినిధులను పిలిపించి మాట్లాడారు. అందరూ కలిసిమెలిసి ఉండాలన్నారు. ఆ అల్లర్ల కేసులు ఎత్తివేస్తామన్నారు. కుర్రాళ్ల భవిష్యత్తు పాడవకూడదన్నది చెప్పిన కారణం. ఫొటోలు దిగారు, పత్రికల్లో సామరస్యం అని హెడ్డింగులు వచ్చాయి.

ఈ వ్యాసం ఆ సామరస్యం గురించే. కుర్రాళ్లను జైల్లో పెట్టి ఉంచాలన్నది మా వాదన కాదు. ఇరవై ఏళ్ల కుర్రాడి మీద కేసుంటే పాస్‌పోర్టు రాదు, గల్ఫ్ దారి మూసుకుపోతుంది, ఉద్యోగం దక్కదు. పోలీసు కేసు ఒక బతుకును ఎలా నలిపేస్తుందో దళితవాడకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మా ప్రశ్న వేరు. ఆ కేసులు ఎత్తేస్తామన్నప్పుడు బదులుగా ఆ కుర్రాళ్లను ఏం అడిగారు? వాళ్లను రోడ్డెక్కించిన పెద్దలను ఏం అడిగారు? అంబేడ్కర్ పేరు మా జిల్లాకు వద్దని వేలమంది అరుస్తుంటే ఇంట్లో తలుపులేసుకుని విన్న పేట పిల్లలకు ఎవరు ఏం చెప్పారు?

శాంతి ఎవరి మధ్య?

మన రాష్ట్రంలో జిల్లాలకు మనుషుల పేర్లు పెట్టడం కొత్త కాదు. నెల్లూరుకు పొట్టి శ్రీరాములు పేరుంది, కడపకు వైఎస్సార్ పేరుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు అల్లూరి సీతారామరాజు, ఎన్టీఆర్, అన్నమయ్య, శ్రీ సత్యసాయి పేర్లతో జిల్లాలు వచ్చాయి. ఎక్కడో జిల్లా కేంద్రం గురించి గొడవ పడ్డారు, సరిహద్దుల గురించి గొడవ పడ్డారు. ఫలానా మనిషి పేరు పెట్టారని ఇళ్లు తగలబెట్టింది మాత్రం ఒక్క అమలాపురంలోనే.

అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలూ ఎస్సీ రిజర్వుడే. లోక్‌సభ స్పీకర్ అయిన తొలి దళితుడు జి.ఎం.సి. బాలయోగి ఈ నేల మీది నుంచే వెళ్లారు. కవి బోయి భీమన్న పుట్టింది మామిడికుదురులో. పేటల్లో ఇవాళ డిగ్రీలు చదివిన పిల్లలున్నారు. కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లలో పనిచేసి డబ్బు పంపిన ఆడవాళ్లున్నారు. ఆ డబ్బుతో కాలవగట్టు మీది గుడిసె స్థానంలో స్లాబు ఇల్లు లేచింది. కొబ్బరి దింపు కార్మికుడి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కోనసీమలో దళితులు లేరని ఎవరూ అనలేరు. వాళ్లు కనిపించడమే కొందరికి కష్టంగా ఉంది. పేరు మీద గొడవ ఆ కష్టానికి దొరికిన దారి.

కాబట్టి ఇది రెండు కులాలు సమానంగా కొట్టుకుని, ఆనక సమానంగా చేతులు కలపాల్సిన తగాదా కాదు. ఒకవైపు నుంచి ఒక పేరు మీద, ఆ పేరును తమదిగా అనుకునే మనుషుల మీద జరిగిన దాడి. అలాంటి చోట ఇరువర్గాలూ సంయమనం పాటించాలి అనే మాటకు అర్థం ఏమిటి? దెబ్బ తిన్నవాడు కూడా దెబ్బకు సగం బాధ్యుడని చెప్పడమే.

నిప్పు ఒక్కరోజులో పుట్టదు

హింసను ఆపడం గురించి మాట్లాడేవాళ్లు మన చరిత్రను ఒకసారి దగ్గరగా చూడాలి. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. అంతకుముందు రోజు జరిగింది ఏమిటి? దళితులు తాగే నీళ్లలో గేదె కుడితి బకెట్ కడగొద్దని అడగడం. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. నెల ముందు జరిగింది సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో వాళ్లకు తగలడం. ఆ తర్వాత నెలరోజులపాటు ఊరు దళితులను వెలివేసింది. పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. ఆ నెలరోజుల్లో ఎవరైనా గట్టిగా నిలబడి ఉంటే ఎనిమిది ప్రాణాలు దక్కేవేమో.

మన పక్కనే చూద్దాం. 2016 ఆగస్టులో అమలాపురం దగ్గర, కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను, ఆవును దొంగిలించి చంపారంటూ కట్టేసి కొట్టారు. గుజరాత్‌లో ఉనా జరిగి అప్పటికి నెల. 2017లో గోదావరికి అవతల, పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో మిగతా నాయకుల విగ్రహాల పక్కన అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు పేట మొత్తాన్ని నెలల తరబడి వెలివేశారు. కూలికి పిలవలేదు, కౌలుకు పొలం ఇవ్వలేదు. గరగపర్రులో విగ్రహం, అమలాపురంలో పేరు. మధ్యలో ఐదేళ్లు, ఒక నది.

ఈ సంఘటనల్లో మొదట జరిగినదాన్ని చిన్న గొడవ అని రాసే అలవాటు పత్రికలకుంది. బకెట్, కాలు, విగ్రహం. అవి చిన్నవే అయితే వాటి వెనక ఊచకోత రాదు. దళితుడు ఎదురు చెప్పాడు, సినిమా హాల్లో పక్కన కూర్చున్నాడు, తన నాయకుణ్ని వాళ్ల నాయకుల పక్కన నిలబెట్టాడు. గాయపడ్డది అవతలివాళ్ల పెత్తనం. అది కనిపించిన మొదటి రోజే దాన్ని కులం అని పేరు పెట్టి పిలిచి ఆపగలిగే వ్యవస్థ ఊళ్లో లేదు, బడిలో లేదు, స్టేషన్‌లో లేదు. హింసను ముందే ఆపడమంటే ఆ మొదటి రోజున పనిచేయడం.

కోర్టు ఒక్కటే చాలదు, రాజీ అసలే చాలదు

చట్టం తన పని తాను చేసుకుపోతుందంటారు. వెంకటాయపాలెం సంగతి గుర్తు చేసుకుందాం. రామచంద్రపురం మండలంలోని ఆ ఊళ్లో 1996 డిసెంబర్ 29న ఐదుగురు దళితులను హింసించి, వాళ్లలో ఇద్దరికి శిరోముండనం చేశారు. ఆ కేసులో తోట త్రిమూర్తులుతో సహా నిందితులకు విశాఖపట్నం ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది 2024 ఏప్రిల్ 16న. 18 నెలల జైలు. ఆ ఏడాది పుట్టిన పిల్లకు తీర్పు వచ్చేనాటికి 27 ఏళ్లు నిండాయి. చుండూరులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టులను నమ్ముకున్న మన పెద్దవాళ్లు ఎంత ఓపిక పట్టారో ఈ తేదీలే చెబుతాయి.

అంత ఓపిక ఎక్కడిది, ఊళ్లోనే తేల్చుకుందాం రండి అని పెద్దమనుషులు పిలుస్తారు. అరుగు వాళ్లది, మాట వాళ్లది, చివర్లో చేతిలో పెట్టే డబ్బూ వాళ్లదే. బాధితుడికి రేపు కూలికి వెళ్లాల్సింది కూడా వాళ్ల పొలానికే. కాదంటే ఏమవుతుందో అతనికి తెలుసు. అందుకే తల ఊపుతాడు. మర్నాడు స్టేషన్‌కు వెళ్లి కేసు వద్దని రాసిస్తాడు. అట్రాసిటీ కేసుల్లో సాక్షులు ఎందుకు అడ్డం తిరుగుతారని అడిగే లాయర్లు ఆ అరుగు దగ్గరకు వచ్చి చూడాలి. 2021 అక్టోబర్‌లో రామావతార్ కేసులో సుప్రీంకోర్టు, కొన్ని పరిమితులకు లోబడి అట్రాసిటీ కేసును కూడా రాజీతో కొట్టేయవచ్చని చెప్పింది. అయితే ఈ వర్గాల మీద ఒత్తిడి ఉండే అవకాశం ఉంది కాబట్టి కోర్టులు అత్యంత జాగ్రత్తగా చూడాలని కూడా ఆ తీర్పే హెచ్చరించింది. రాజీకి వెళ్లేవాళ్లు మొదటి సగం గుర్తుపెట్టుకుంటారు, రెండో సగం మరిచిపోతారు.

కోర్టు ఆలస్యం ఒకవైపు, అరుగు దౌర్జన్యం మరోవైపు. ఈ రెంటి మధ్య ఇప్పుడు బడుల్లో, సదస్సుల్లో రెండు కొత్త మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి రెస్టోరేటివ్ జస్టిస్. రెండోది మైండ్‌ఫుల్‌నెస్. వీటిని చూడగానే తోసేయక్కర్లేదు. అలాగని గుడ్డిగా తలకెత్తుకోవద్దు. విప్పి చూద్దాం.

పునరుద్ధరించాల్సింది ఏ పాత స్థితిని?

రెస్టోరేటివ్ జస్టిస్ గురించి రాసేవాళ్లంతా తరచూ చెప్పే కథ ఒకటుంది. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగి ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు పాడుచేశారు. కార్ల టైర్లు కోశారు, కిటికీలు పగలగొట్టారు. ప్రొబేషన్ అధికారి ఒక ఆలోచన చెప్పాడు, జడ్జి దానికి ఒప్పుకున్నాడు. కుర్రాళ్లు ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టారు. మీ ఇంటి మీద పడింది మేమే అని చెప్పారు. ఎంత నష్టమైందో అడిగి తెలుసుకున్నారు. కొన్ని నెలల్లో ఆ డబ్బు కట్టారు. 1990లో హోవర్డ్ జెర్ అనే అమెరికన్ పండితుడు ఈ ఆలోచనకు ఒక చట్రం కట్టాడు. ఏ చట్టం మీరారు, ఎవరు మీరారు, ఏం శిక్ష వేయాలి అని కోర్టు అడుగుతుంది. ఎవరికి దెబ్బ తగిలింది, వాళ్లకు ఏం కావాలి, దాన్ని తీర్చాల్సిన బాధ్యత ఎవరిది అని అడగడం ఈ పద్ధతి.

ఈ కథలో మన వాళ్లు వదిలేసే సంగతి ఒకటుంది. ఆ కుర్రాళ్లు ముందు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఇంటింటికీ వెళ్లింది జడ్జి ఆదేశం మీద. న్యూజిలాండ్‌లో 1989 చట్టంతో మావోరీల సంప్రదాయం నుంచి కూడా స్ఫూర్తి తీసుకుని పిల్లల కేసుల్లో కుటుంబ సమావేశాలు పెట్టారు. అక్కడా చట్టమే పునాది. అరుగు మీది రాజీకీ దీనికీ తేడా ఇదే. అరుగు మీద చట్టాన్ని పక్కన పెట్టి మాట్లాడతారు, ఇక్కడ చట్టం మీద నిలబడి మాట్లాడతారు. దక్షిణాఫ్రికా అనుభవం మరో హెచ్చరిక. సత్య, సయోధ్యల కమిషన్ ముందు నిజం పూర్తిగా చెప్పినవాళ్లకు క్షమాభిక్ష దొరికింది. నష్టపోయినవాళ్లకు ఏళ్లు గడిచాక, 2003లో, తలా 30 వేల రాండ్ల ఒకేసారి చెల్లింపు దక్కింది. క్షమ ముందొచ్చి, నష్టపరిహారం వెనకబడితే ఆ భారం మోసేది పేదవాళ్లే.

అమలాపురాన్ని ఈ కొలతతో కొలిచి చూడండి. ఎల్మైరాలో కుర్రాళ్లు తలుపు తట్టారు. అమలాపురంలో ఎవరూ ఏ తలుపూ తట్టలేదు. నేను రాయి విసిరాను, నన్ను ఫలానా వాట్సాప్ గ్రూపులో ఇలా రెచ్చగొట్టారు, ఆ పేరంటే నాకు ఎందుకంత కోపం వచ్చిందో నాకే తెలియదు అని బహిరంగంగా చెప్పించిన ప్రక్రియ ఏదీ మనకు కనిపించలేదు. నిజం చెప్పకుండా, బాధ్యత తీసుకోకుండా, నష్టం పూడ్చకుండా కేసులు మాత్రం పోవాలన్నారు. దాన్ని శాంతి అన్నారు. దీనివల్ల దళిత పిల్లలకే కాదు, అవతలి కుర్రాళ్లకూ అన్యాయం జరిగింది. తగలబెట్టినా ఏమీ కాదన్నది తప్ప వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

అసలు పునరుద్ధరణ న్యాయం అన్న మాటలోనే మనకొక చిక్కుంది. పునరుద్ధరణ అంటే పాడైనదాన్ని మునుపటిలా చేయడం. కులం ఉన్న ఊళ్లో మునుపటి స్థితి ఏమిటి? పేట ఊరవతల ఉండడం, పొలం వాళ్లది కావడం, మాట పడి ఊరుకోవడం. దాన్నా మళ్లీ నిలబెట్టేది? కారంచేడు బాధితులు ఈ ప్రశ్నకు నలభై ఏళ్ల కిందటే జవాబు చెప్పారు. చీరాల శిబిరం నుంచి తిరిగి ఆ ఊరికి వెళ్లబోమన్నారు. చీరాలలోనే కాలనీ కట్టించుకుని బతికారు. పాత సంబంధాన్ని అతికించుకోవడానికి ఒప్పుకోకపోవడం కూడా న్యాయంలో భాగమేనని వాళ్లు చూపించారు. కాబట్టి మనకు కావలసింది పాత సంబంధం కాదు. ఇంతవరకూ లేని సంబంధాన్ని కొత్తగా కట్టాలి, దాని కొలత సమానత్వం కావాలి.

కళ్లు మూసుకోమంటే సరిపోదు

ఇక మైండ్‌ఫుల్‌నెస్. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు హ్యాపీనెస్ కరిక్యులం మొదలైంది. క్లాసు మొదట్లో కాసేపు కళ్లు మూసుకుని, ఊపిరి మీద ధ్యాస పెట్టడం అందులో భాగం. పరీక్షల భయం, ఇంట్లో గొడవలు మోసుకొచ్చే పిల్లలకు ఆ కాసేపు మేలే. అయితే కులం ఉన్న క్లాసులో కళ్లు తెరిచాక ఏం కనిపిస్తుందన్నది ప్రశ్న. మధ్యాహ్న భోజనం దళిత మహిళ వండిందని తినని పిల్లలు, కులం పేరుతో పిలిచే పిల్లలు, బైకు మీద కులం స్టిక్కర్, ఇన్‌స్టాలో కులం పాటకు రీల్. అవమానపడ్డ పిల్లకు ఊపిరి పీల్చి వదలమని చెప్పి, అవమానించిన పిల్లవాణ్ని ఏమీ అడక్కపోతే, సహించడం ఎలాగో ఆ పిల్లకు నేర్పుతున్నట్టే. ఆ విద్య మన తాతలకు బాగా వచ్చు. కొత్తగా బడి నేర్పనక్కర్లేదు.

ఎరుక అనేది మనకు విదేశాల నుంచి రావాల్సిన సరుకు కాదు. బుద్ధుడి అష్టాంగ మార్గంలో ఏడోది సమ్మాసతి, సరైన ఎరుక. రాజోలుకు దగ్గర్లోనే, మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. మన కాలేజీ పిల్లల్లో ఎంతమంది అక్కడికి వెళ్లి చూశారు? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న అంబేడ్కర్, ధమ్మాన్ని ఒంటరి మనిషి మనశ్శాంతిగా చూడలేదు. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం సరిగ్గా ఉండడమే ధమ్మమని ఆయన వాదన. ప్రజ్ఞ, కరుణ, మైత్రి కలిసి ఉండాలన్నారు. ఆ లెక్కన ఎరుక అంటే నా లోపల ఏం జరుగుతోందో చూసుకోవడంతో ఆగదు. నా పక్కన కూర్చున్నవాడికి నా వల్ల ఏం జరుగుతోందో చూడాలి. కోనసీమ బడిలో ఎరుక మొదట కావలసింది అవమానించేవాడికి.

అంగుళిమాలుడి కథ మనకు తెలుసు. హంతకుడు బుద్ధుణ్ని కలిసి భిక్షువయ్యాడు. ఈ కథను మార్పు గురించీ క్షమ గురించీ చెప్పి ఆపేస్తారు. పాళీ సూత్రంలో తర్వాతి ఘట్టం ఉంది. భిక్షకు వెళ్లిన అంగుళిమాలుడి మీద జనం రాళ్లు వేశారు, తల పగిలింది, చీవరం చిరిగింది. నెత్తురు కారుతూ తిరిగొస్తే బుద్ధుడు రాళ్లు వేసినవాళ్లను తప్పుపట్టలేదు. నువ్వు చేసినదాని ఫలితం, ఓర్చుకోమని అంగుళిమాలుడికే చెప్పాడు. మారిన మనిషి కూడా బాధితుల కోపాన్ని భరించాలి. క్షమించమని బాధితుల మెడ మీద ఎవరూ కత్తి పెట్టకూడదు.

పేటల్లో చర్చికి వెళ్లేవాళ్లు చాలామంది. డెబ్బై ఏళ్లమటుకు క్షమించడం గురించే ప్రసంగాలు విన్నాం. జక్కయ్య సంగతి కూడా సువార్తల్లోనే ఉంది. సుంకం వసూలు చేసి జనాన్ని దోచుకున్నవాడు, యేసు తన ఇంటికి వచ్చిన రోజున ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. రక్షణ మాట ఆ తర్వాతే వచ్చింది. సామరస్య సభల్లో ప్రార్థన చేయడానికి పాస్టర్లను పిలుస్తారు కదా. ఈసారి జక్కయ్య మీద ప్రసంగించమని అడుగుదాం.

బడిలో ఏం చేయొచ్చు

తమిళనాడులో 2023 ఆగస్టులో, నాంగునేరిలో ప్లస్ టూ చదివే దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్లతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. వాళ్ల వేధింపుల గురించి అతను బడిలో చెప్పడమే కారణం. ఆ తర్వాత ప్రభుత్వం జస్టిస్ కె. చంద్రు కమిటీ వేసింది, 2024 జూన్‌లో నివేదిక వచ్చింది. బడుల పేర్లలో కులం తీసేయాలని, కులాన్ని చూపించే రంగుల చేతి తాళ్లు నిషేధించాలని అందులో ఉంది. నాంగునేరి ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఫిర్యాదు చేసిన పిల్లవాడికి రక్షణ లేకపోతే, ఫిర్యాదే అతని మీదికి కత్తిని తెస్తుంది. బడిలో ఏ కొత్త పద్ధతి పెట్టినా ముందు ఈ రక్షణ ఉండాలి.

అందుకే అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల్లో, హైస్కూళ్లలో విద్యార్థి సంఘాలు మొదలుపెట్టగల పని ఒకటి మేము ప్రతిపాదిస్తున్నాం. గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే సమావేశం. టీచరు కుర్చీ ఎత్తుగా ఉండదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటారు. వినడానికి చాలా సులువుగా ఉంది, అందుకే కొన్ని నియమాలు లేకుండా దీన్ని పెట్టకూడదు.

మొదటిది, నేరం అయితే ముందు ఎఫ్ఐఆర్. కొట్టడం, లైంగిక వేధింపు, కులం పేరుతో బహిరంగంగా దూషించడం వంటివి సమావేశంలో తేల్చేవి కావు. సమావేశం జరిగిందని కేసు ఆపకూడదు. రెండోది, తప్పు చేసినవాడు ముందు ఒప్పుకోవాలి. చేశానో లేదో చర్చించడానికి బాధితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టకూడదు. మూడోది, బాధపడ్డ పిల్ల ఇష్టం. రానంటే రాదు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, తన వైపు మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. క్షమించమని ఎవరూ అడగకూడదు. నాలుగోది, నడిపేవాళ్లలో దళిత, ఆదివాసీ టీచర్లు, సీనియర్ విద్యార్థులు తప్పనిసరి. ఐదోది, పూడ్చడం ఎలాగో కాగితం మీద తేదీతో రాయాలి. చించిన పుస్తకం కొనివ్వడం దగ్గర నుంచి, వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటను అదే గ్రూపులో తప్పని చెప్పడం దాకా. ఆరోది, మూడు నెలల తర్వాత మళ్లీ కూర్చుని, మాట నిలిచిందా అని చూడాలి.

ఏ సంఘటనా జరగని రోజుల్లో కూడా ఈ సమావేశాలు జరగాలి. 2022 మే 24న నువ్వెక్కడున్నావు, మీ ఇంట్లో ఏమనుకున్నారు అన్న ఒక్క ప్రశ్నతో కూర్చోండి. అప్పుడు పదో తరగతి చదివిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలో ఉన్నారు. కాపు కుర్రాడూ, శెట్టిబలిజ కుర్రాడూ, మాల, మాదిగ పిల్లలూ ఒకే బెంచీల మీద కూర్చుంటున్నారు. ఆ రోజు గురించి వాళ్ల మధ్య ఇంకా ఒక్క మాట కూడా జరగలేదంటే, ఆ మౌనంలో తర్వాతి గొడవ తయారవుతోందని అర్థం.

చట్టంలో మన పట్టు

బడి పని బడిది. కార్యకర్తల పని చట్టాన్ని వదలకపోవడం. అట్రాసిటీ చట్టానికి 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ ప్రకారం, కోర్టులో జరిగే ప్రతి ప్రక్రియ గురించి బాధితులకు ముందుగా తెలియజేయాలి, బెయిలు నుంచి శిక్ష దాకా వాళ్ల మాట వినాలి. కేసు ఉపసంహరణ ప్రభుత్వం చెప్పినంత మాత్రాన అయిపోదు. దానికి కోర్టు అనుమతి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షన్, బాధితుల మాట వినకుండా కోర్టు ఆ అనుమతి ఇవ్వకూడదని స్పష్టంగా చెప్పింది. ఇకమీదట కుల పెద్దలతో మీటింగు పెట్టి కేసులు ఎత్తేస్తామని ఏ ప్రభుత్వం చెప్పినా, ఈ సెక్షన్ పట్టుకుని కోర్టుకు వెళ్లే మనుషులు మనలో తయారుగా ఉండాలి.

అట్రాసిటీ చట్టం కింద 1995 నిబంధనల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. అట్రాసిటీలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను గుర్తించి ముందు జాగ్రత్తలు తీసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ కమిటీ ముందు బడుల పరిస్థితిని కూడా పెట్టమని అడుగుదాం. ఏ బడిలో కులం మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిని ఏం చేశారు, ఏ ఊళ్లో వెలి జరుగుతోంది అని ప్రతి మూడు నెలలకూ రాతపూర్వకంగా అడుగుదాం. చుండూరులో వృథా పోయిన ఆ నెలరోజుల లాంటి కాలాన్ని ఇకమీదట మనం లెక్కపెట్టి పట్టుకోవాలి.

అమలాపురంలో కాలిన ఇళ్లకు గోడలు మళ్లీ కట్టుకోవచ్చు. ఆ రోజు తలుపులేసుకున్న పిల్లల్లో కొందరు ఈ ఏడాది ఓటు వేసే వయసుకొచ్చారు. వాళ్లకు సామరస్యం గురించి ఉపన్యాసం చెప్పడానికి ముందు, ఎవరైనా వాళ్ల తలుపు తట్టి, ఆ రోజు మేము చేసింది తప్పు అని చెప్పాలి. చెప్పేదాకా అడుగుతూనే ఉందాం.